చెరువు గట్టు మీది డాలరు: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

గౌరవనీయులైన అయ్యా, నమస్కారం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో, మొగల్తూరు వైపు ఆరెకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామి రొయ్యలు పెంచుతున్న రైతును. అంతకుముందు పద్దెనిమిదేళ్లపాటు ఇదే జిల్లాలో ఒక చిన్న ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు రాసే గుమాస్తాగా పనిచేశాను. డాలరు రూపాయిగా మారడం ఒకప్పుడు ఆఫీసు బల్ల వెనక నుంచి చూశాను, ఇప్పుడు చెరువు గట్టు మీద నుంచి చూస్తున్నాను. రూపాయిని ఫలానా అంకె దగ్గర కట్టేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. మారకపు రేటు ఊగిన ప్రతిసారీ ఆ ఊపు దెబ్బ ఎక్కడ మొదలై, ఎవరెవరి చేతులు దాటి, చివరికి ఎవరి నెత్తిన పడి ఆగుతోందో మీ ముందుంచాలన్నదే నా ఉద్దేశం.

2025 మే మొదటి వారంలో మా చెరువు పట్టుబడి జరిగింది. ముందురోజు సాయంత్రం ఏజెంటు వచ్చి, విసురు వలతో నాలుగు పిడికిళ్లు పట్టి, కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి, కిలోకు ధర ఖాయం చేసి వెళ్లాడు. తెల్లవారుజామున నాలుగింటికి కూలీలు నీళ్లలో దిగారు. సగం సరుకు ట్రేల్లోకి ఎక్కి, ఐసు ముక్కల కింద పడ్డాక, తూకం దగ్గర నిలబడ్డ ఏజెంటు ఫోన్లో ఏదో చూసుకుని, ‘డాలరు పడిపోయిందండి, కంపెనీ వాళ్లు పదిహేను తగ్గించమంటున్నారు’ అన్నాడు. నీళ్లలోంచి తీసిన రొయ్యను మళ్లీ నీళ్లలో వదలలేం కదా. మా తమ్ముడు నా వంక చూశాడు, నేను తూకం వంక చూశాను. మిగతా సగం కూడా అదే ధరకు ఎక్కింది.

ఆ రోజు సాయంత్రం పాత గుమాస్తా అలవాటు కొద్దీ లెక్క వేశాను. 2024–25లో మన దేశం నుంచి 7,41,529 టన్నుల ఘనీభవించిన రొయ్యలు ఎగుమతయ్యాయి, వాటి విలువ 517 కోట్ల డాలర్లు. అంటే సగటున కిలోకు దాదాపు ఏడు డాలర్లు. చెరువులో పట్టిన కిలో రొయ్య తల తీసి, పొట్టు ఒలిచేసరికి సుమారు 550 నుంచి 600 గ్రాములకు దిగుతుంది. ఈ లెక్కన డాలరు విలువ ఒక రూపాయి మారితే గట్టు మీద కిలో ధరలో రావలసిన తేడా నాలుగు రూపాయలు. ఆ వారంలో రేటులో వచ్చిన మార్పు రూపాయి లోపే. నాలుగు రూపాయలైనా తగ్గనక్కరలేని చోట పదిహేను తగ్గింది. అందులో అమెరికా సుంకాల భయం కొంత ఉండవచ్చు, ఆ వారం ఫ్యాక్టరీలకు సరుకు ఎక్కువ రావడం కొంత ఉండవచ్చు. కానీ గట్టు మీద నాకు చెప్పిన కారణం మాత్రం డాలరు ఒక్కటే, ఆ డాలరు ఎంత పడిందో, ఏ రేటు నుంచి ఏ రేటుకు పడిందో అడిగితే చెప్పే నాథుడు అక్కడ లేడు.

ఏజెంటును దొంగను చేయడం నా అభిమతం కాదు. బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజుల్లో నేను కూడా అలాంటి ఫోన్లు చేసినవాడినే. అక్కడి ఇబ్బంది కూడా చెప్పాలి. ఒక నలభై అడుగుల కంటెయినరులో సుమారు 17 టన్నుల సరుకు పడుతుంది. కిలో ఏడు డాలర్ల చొప్పున దాని విలువ 1,19,000 డాలర్లు, రూపాయల్లో కోటికి కాస్త అటూ ఇటూ. కొనుగోలుదారుతో ధర ఖాయమైన రోజున రొయ్య ఇంకా చెరువులోనే ఉంటుంది. దాన్ని కొని, ఒలిచి, గడ్డకట్టించి, ఓడ ఎక్కించి, అది అమెరికా తూర్పు తీరం చేరి, పత్రాలు బ్యాంకుల మధ్య తిరిగి, సొమ్ము ఖాతాలో పడేసరికి మూడు నాలుగు నెలలు గడిచిపోతాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి పోవలసి రావడంతో దానికి మరో పది పదిహేను రోజులు కలిశాయి. రైతుకు సొమ్ము మాత్రం వారం పది రోజుల్లో రూపాయల్లో ఇచ్చేయాలి. ఆ మధ్య కాలమంతా ఫ్యాక్టరీ యజమాని డాలరు ఎటు పోతుందా అని ఆకాశం వంక చూస్తూ ఉండాలి.

2025 ఫిబ్రవరిలో డాలరు 88 రూపాయల దాకా వెళ్లింది, మే మొదట్లో 84 చుట్టూ తిరిగింది. ఫిబ్రవరి రేటు చూసి రైతులకు ధర కట్టి సరుకు కొన్న చిన్న ఫ్యాక్టరీకి, మేలో సొమ్ము చేతికొచ్చేసరికి ఒక్క కంటెయినరు మీదే నాలుగు లక్షల డెబ్భై వేల రూపాయలకు పైగా చిల్లు పడింది. మేము పనిచేసిన ఫ్యాక్టరీలో అన్ని ఖర్చులూ పోగా నూటికి మూడు నాలుగు మిగిలితే మంచి ఏడాది అనుకునేవాళ్లం. అంటే ఒక కంటెయినరు మీద మిగలవలసిందంతా, ఇంకొంచెం చేతి నుంచి కలిపి, మారకపు రేటే తినేసింది. అలా ఒకసారి చేయి కాల్చుకున్న వ్యాపారి ఆ తరువాత చేసే పని ఒకటే, రాబోయే నష్టాన్ని ముందే ఊహించి కొనుగోలు ధరలో కోసుకోవడం. గట్టు మీద నాకు తగ్గిన పదిహేను రూపాయల్లో నాలుగు డాలరు మార్పు కాగా, మిగతాదాంట్లో చాలా భాగం ఈ భయానికి కట్టిన వెల అని నా నమ్మకం. ఆ భయం ఫ్యాక్టరీది, వెల కట్టింది చెరువు.

రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభమే కదా అని పత్రికల్లో తరచుగా చదువుతుంటాం. ఆ మాటలో సగమే నిజముంది. 2022–23లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు 809 కోట్ల డాలర్లు, రూపాయల్లో 63,969 కోట్లు. 2024–25లో 745 కోట్ల డాలర్లు, రూపాయల్లో 62,408 కోట్లు. డాలర్లలో ఎనిమిది శాతం దాకా తగ్గిన వ్యాపారం రూపాయల్లో చూస్తే రెండున్నర శాతం కూడా తగ్గినట్టు కనబడదు. మన సరుకుకు బయట గిరాకీ తగ్గుతున్నా, ధర పడుతున్నా, రూపాయి బలహీనత ఆ దెబ్బ మీద దుప్పటి కప్పింది. పైగా కొనుగోలుదారులు ఊరుకోరు. డాలరు పెరిగిన మరునాడే, ‘మీ రూపాయి దిగింది కదా, డాలరు ధర తగ్గించండి’ అని ఈమెయిలు పెట్టేవారు. వాటికి జవాబులు రాసింది నేనే. బేరంలో ఓడిపోయిన ప్రతిసారీ రూపాయి పడినందువల్ల వచ్చిన లాభం అట్లాంటిక్ అవతలి సూపర్‌మార్కెట్‌కు చేరేది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇదే జరిగింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినా, ఆ పెరుగుదల సుంకంలో ఒక మూలకు కూడా చాలలేదు.

ఇక్కడ ఒక పోటీదారు సంగతి చెప్పక తప్పదు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రొయ్యలు ఎగుమతి చేసే ఈక్వెడార్ 2000లో తన సొంత కరెన్సీని వదిలి అమెరికా డాలరునే తన డబ్బుగా చేసుకుంది. అక్కడి రైతు మేత డాలర్లలో కొంటాడు, కూలి డాలర్లలో ఇస్తాడు, రొయ్య డాలర్లలో అమ్ముతాడు. న్యూయార్క్‌కు సరుకు పంపేటప్పుడు అతనికి మారకపు రేటు అన్న మాటే ఉండదు. కరెన్సీ బలహీనపడితే ధర తగ్గించి పోటీపడే వెసులుబాటు అతనికి లేదు, నిజమే. కానీ నాలుగు నెలల తరువాతి సొమ్ము ఎంతో అతనికి ఈరోజే తెలుసు. మనం ఈక్వెడార్ దారిన పోవాలని నేను అనను, ఇంత పెద్ద దేశానికి అది కుదిరే పని కాదు. అతనికున్న నిశ్చింతలో కొంతైనా మన చిన్న ఎగుమతిదారుకు ఇవ్వగల పనిముట్లు మన దగ్గర ఉన్నాయని మాత్రం అంటాను.

డాలరు పెరిగితే రైతుకు వచ్చే మేలు గట్టు దాకా రావడానికి నెలలు పడుతుంది, కీడు మాత్రం వారంలో వస్తుంది. 2009లో వనామి సాగుకు అనుమతి వచ్చిన నాటి నుంచి తల్లి రొయ్యలను విదేశాల నుంచే తెచ్చుకుంటున్నాం. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో ఆ పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా డబ్బాలు అమెరికాలోని ఉప్పు సరస్సు నుంచి వస్తాయి. మేతలో కలిపే చేప నూనె, విటమిన్లు, చెరువులో చల్లే ఖనిజాలు, పరీక్షల కిట్లు, చాలా వరకు దిగుమతి సరుకే లేదా దిగుమతి ధరను చూసి ధర కట్టే సరుకే. మా ఖర్చులో సగానికి పైగా మేతదే. డాలరు పెరిగిందని మేత బస్తా ధర పెరిగింది అన్న చీటీ చాలాసార్లు చూశాను, డాలరు తగ్గిందని బస్తా ధర తగ్గిందన్న చీటీ ఒక్కటి కూడా చూడలేదు.

ఇది రొయ్యల గోల మాత్రమే అనుకోవద్దు. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పోయే ఉప్పుడు బియ్యాన్ని డాలర్లలోనే అమ్ముతారు. కొనే బెనిన్, టోగో, సెనెగల్ దేశాల ఫ్రాంకు యూరోకు కట్టి ఉంటుంది, ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు. అంటే మండపేట మిల్లులో ఆడిన బియ్యం ధర మీద మన రూపాయి, అమెరికా డాలరు, ఐరోపా యూరో మూడూ కలిసి కూర్చుంటాయి, వాటిలో ఏ ఒక్కటీ మిల్లరు చేతిలో లేదు. నరసాపురం లేసు కథ ఇంకా పాతది. 2007లో డాలరు 44 రూపాయల నుంచి 39 దాకా దిగివచ్చినప్పుడు లేసు అల్లే మా అమ్మకు, అల్లిన దారం లెక్కన వచ్చే కూలి పెంచమని అడిగితే, ‘డాలరు లేదమ్మా’ అన్న జవాబు వచ్చింది. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది, ఆమెకు చెప్పలేదు. 2013లో డాలరు 68 దాటినప్పుడు ఆ కూలి ఎంత పెరిగిందో అడగకండి.

మారకపు రేటు ఒడిదుడుకుల వల్ల దేశాల మధ్య వాణిజ్యం పెద్దగా తగ్గదని పండితులు చెబుతారని నాకు తెలుసు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1984లో ఒకసారి, 2004లో మరోసారి ఈ ప్రశ్నను పరిశీలించి, అంతటా వర్తించే బలమైన ప్రతికూల ప్రభావం కనిపించలేదని తేల్చింది. ఆ మాటను నేను కాదనను. పెద్ద కంపెనీకి దిగుమతీ ఉంటుంది, ఎగుమతీ ఉంటుంది, ఒకదాని నష్టం ఇంకొకదాని లాభంలో కలిసిపోతుంది, మిగిలినదానికి, రేపు రాబోయే డాలర్లకు ఈరోజే రేటు ఖాయం చేసుకునేలా బ్యాంకులో ముందస్తు ఒప్పందం చేసుకుంటుంది. మొత్తం ఎగుమతుల టన్నులు లెక్కపెడితే ఆ అధ్యయనాలు చెప్పినట్టే ఉంటుంది. కానీ టన్నులు తగ్గకపోవడం వేరు, ఆ టన్నుల వెనక ఎవరు ఎంత నష్టపోయి సరుకు పంపారన్నది వేరు. కోనసీమ కొబ్బరి తోటలో కాయల మొత్తం లెక్క చూస్తే గాలివాన పెద్దదేమీ కాదనిపించవచ్చు, చెట్టు పడింది మాత్రం ఎవరి ఇంటి మీదో అక్కడికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

మరి చిన్న ఎగుమతిదారులు ముందస్తు ఒప్పందం, అంటే ఫార్వర్డు కాంట్రాక్టు, ఎందుకు చేసుకోరు అని మీరు అడుగుతారు. దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది మా జ్ఞాపకాల్లో ఉంది. 2013 మే నెలలో డాలరు 55 దగ్గర ఉన్నప్పుడు మా యజమాని జాగ్రత్తపరుడై రాబోయే నాలుగు నెలల డాలర్లను 57 చుట్టుపక్కల ముందే అమ్మేశాడు. అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామని సూచించేసరికి ఆగస్టు 28 నాటికి డాలరు 68 దాటింది. థాయిలాండ్‌లో రొయ్యలకు వ్యాధి వచ్చి మన సరుకుకు అసాధారణమైన ధర పలుకుతున్న ఆ సీజనులో, పక్క ఫ్యాక్టరీ వాళ్లు 65కు, 67కు డాలర్లు మార్చుకుంటుంటే మా యజమాని 57కు ఇచ్చుకున్నాడు. నిజానికి ఆయన నష్టపోలేదు, అనుకున్న లాభం అనుకున్నట్టే వచ్చింది. అయినా భీమవరం టీ కొట్టు దగ్గర ఆ కథ ‘ఫార్వర్డు చేసి మునిగిపోయాడు’ అన్న రూపంలోనే మిగిలింది. అంతకు ముందు 2007–08లో తిరుప్పూరు వస్త్ర వ్యాపారులకు అర్థంకాని విదేశీ కరెన్సీ పథకాలు అంటగట్టి కోట్లు పోగొట్టిన ఉదంతం ఉండనే ఉంది.

దానికి తోడు ప్రశాంతంగా గడిచిన రెండేళ్లు. 2023 ఆరంభం నుంచి 2024 సెప్టెంబరు దాకా డాలరు 81, 84 మధ్యనే కదిలింది. మన విధానాన్ని ద్రవ్యనిధి ‘స్థిరీకరించిన ఏర్పాటు’, అంటే రేటును దాదాపు ఒకచోటే నిలిపే పద్ధతి, అని వర్గీకరించగా మన అధికారులు అంగీకరించలేదని అప్పట్లో చదివాను. ఆ వాదనలో ఎవరిది సరో తేల్చే స్థాయి నాది కాదు. మీరు విలువను నిర్ణయించరని, మితిమీరిన ఒడిదుడుకులను మాత్రమే అదుపు చేస్తారని మీ ప్రకటనల్లో ఎప్పుడూ చెప్పే మాటే. అయితే ఆ ప్రశాంతత చిన్న వ్యాపారికి నేర్పిన పాఠం, రేటు ఎటూ పోదులే, ముందస్తు ఒప్పందానికి రుసుము దండగ అని. 2025లో రేటు కదిలినప్పుడు తలకు గొడుగు లేనివాళ్లే ఎక్కువ. గొడుగు వానలో కాక ఎండలో కొనిపెట్టుకోవాలని చెప్పవలసిన బాధ్యత కొంత మీ మీద కూడా ఉందని వినయంగా మనవి చేస్తున్నాను.

రెండో జవాబు బ్యాంకు శాఖలో ఉంది. ఫ్యాక్టరీ వదిలిపెట్టే ముందు సంవత్సరం, 40,000 డాలర్ల ఒక ఆర్డరుకు ఫార్వర్డు అడుగుదామని మా ఖాతా ఉన్న శాఖకు వెళ్లాను. అక్కడ విదేశీ మారకం చూసే బల్ల లేదు. మేనేజరు గారు మర్యాదగానే కూర్చోబెట్టి వేరే ఊళ్లోని పెద్ద శాఖకు ఫోన్ చేశారు. వాళ్లు విడిగా లిమిట్, అంటే ఎంత మేరకు ఒప్పందం చేసుకోవచ్చో తెలిపే మంజూరు, కావాలన్నారు, లిమిట్‌కు విడిగా హామీ కావాలన్నారు, మళ్లీ రేటు చెప్పడానికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి పొద్దున చెప్పిన రేటు లేదు. ప్యాకింగ్ క్రెడిట్, అంటే సరుకు ఓడ ఎక్కేముందు ఖర్చులకు ఇచ్చే అప్పు, ఇచ్చినప్పుడే అదే ఆర్డరును, అదే కొనుగోలుదారును, అదే సరుకును బ్యాంకు తూచి చూసింది, ఒకే ఆర్డరుకు రెండోసారి హామీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విచిత్రమేమిటంటే, మన వడ్డీ రేట్లు అమెరికా వడ్డీల కన్నా ఎక్కువ కాబట్టి, డాలర్లు ముందుగా అమ్ముకునే ఎగుమతిదారుకు ఫార్వర్డు రేటు మామూలుగా ఆనాటి రేటు కన్నా కొంచెం ఎక్కువే పలుకుతుంది. అంటే గొడుగు ఇచ్చి ఎదురు కొంత సొమ్ము కూడా ఇస్తారు. అయినా తీసుకునే దారి మాత్రం చిన్నవాడికి లేదు. ఎక్స్ఛేంజీల్లో 2008 ఆగస్టు నుంచి వెయ్యి డాలర్ల లాటుతో కరెన్సీ ఫ్యూచర్లు, అంటే ఎక్స్ఛేంజీలో కొని అమ్మే ముందస్తు ఒప్పందాలు, ఉన్న మాట నిజమే, కానీ వాటికి రోజూ మార్జిను, అంటే హామీ సొమ్ము, కట్టే లెక్క చూసుకునే మనిషిని పెట్టుకునే స్తోమత మా ఫ్యాక్టరీకి లేదు.

మీ పరిధిలో ఉన్నవే అడుగుతున్నాను. ప్యాకింగ్ క్రెడిట్ మంజూరైన ఖాయపు ఆర్డరుకు, కొత్త హామీ ఏదీ అడగకుండా, ఆ ఆర్డరు విలువ మేరకు ఫార్వర్డు చేసుకునే హక్కు దానితోపాటే వచ్చేలా బ్యాంకులను ఆదేశించండి. చిన్న ఎగుమతిదారుకు డాలరు మార్చి ఇచ్చిన ప్రతి కాగితం మీద, ఆ రోజు మధ్యాహ్నం ప్రామాణికంగా ప్రకటించిన మార్కెట్టు రేటును, అంటే రిఫరెన్సు రేటునూ, బ్యాంకు ఇచ్చిన రేటునూ పక్కపక్కనే వేయించండి, తేడా ఎంతో పైసల్లో కనబడాలి. 2025 నవంబరులో ఎగుమతి సొమ్ము రప్పించుకునే గడువును 9 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. సుంకాల దెబ్బ తిన్నవారికి అది ఊరటే, దానికి కృతజ్ఞతలు. అయితే గడువు పొడిగిన కొద్దీ రేటు ఊగే కాలమూ పొడుగుతుంది, ఆ పొడిగింపుతోపాటు ఫార్వర్డు దొరికే దారిని కూడా వెడల్పు చేయకపోతే ఊరట సగమే అవుతుంది.

రైతు సంగతికి వస్తే, అతను రూపాయల్లో అమ్ముతాడు కాబట్టి నిబంధనల దృష్టిలో అతని చేతిలో డాలరు లేదు. అతనికి ఫార్వర్డు ఇమ్మని నేను అడగను. చెరువు రైతును కరెన్సీ జూదానికి అలవాటు చేయడం కన్నా పాపం ఉండదు. అతనికి కావలసింది అంకె. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మా లంకల్లో పిల్లవాడిని లేపి అడిగినా చెబుతాడు. ఆ అంకెను చూసి గేదెలను గట్టుకు తోలాలో, సామాను అటక మీదకు ఎక్కించాలో ఎవరి నిర్ణయం వారు తీసుకుంటారు. డాలరు విషయంలో అలాంటి అంకె గట్టు మీదకు రాదు, ఏజెంటు నోటి మాటే వస్తుంది. రోజూ రిఫరెన్సు రేటు తెలుగులో రైతు సేవా కేంద్రం బోర్డు మీద, రైతు ఫోన్లో కనిపించేలా రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మీరు ఏర్పాటు చేయవచ్చు. రాయితీ వడ్డీకి ఎగుమతి రుణం తీసుకునే ఫ్యాక్టరీ, రైతుకు ఇచ్చే కొనుగోలు చీటీ మీద తాను ఏ డాలరు రేటు లెక్కన ధర కట్టిందో రాయాలన్న షరతును కూడా బ్యాంకులు పెట్టవచ్చు. ఆ ఒక్క గడి చీటీ మీద ఉంటే, మే నెల తెల్లవారుజామున నేను తూకం వంక కాక ఏజెంటు ముఖం వంక చూసి, పదిహేనులో నాలుగు ఒప్పుకుంటాను, మిగతా పదకొండుకు లెక్క చెప్పు అని అడిగి ఉండేవాడిని.

మా రెండో పంట సీడు వదిలి నలభై రోజులైంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగలడం లేదు, రొయ్య బాగానే ఉంది. పట్టుబడికి ఇంకా రెండున్నర నెలలు ఉంది. ఈలోగా చీటీ మీద ఆ గడి వేయించడానికి మీకు ఒక సర్క్యులరు చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
మొగల్తూరు మండలానికి చెందిన ఒక రొయ్యల రైతు,
ఒకప్పటి ఎగుమతి గుమాస్తా